వడిసెల త్రాడు

వనపర్తి నుండి కొల్లాపూర్ దిక్కునకు పోవు త్రోవలో పాన్‌గల్ సమీపించుచుండగా, దూరము నుండియే కంటబడు కొండకోటను, దానిని వరుసవరుసలుగా చుట్టుకొనిన ప్రాకారములను, నడినెత్తిన నిలిచిన బాలాహిస్సారును చూచి చరిత్రప్రియులు పూర్వరాజుల దండయాత్రలను తలపోయుదురు. నాకు మాత్రము ఆ కొండక్రింది జొన్నచేలు కనబడినంతనే ఒక నారత్రాడు జ్ఞప్తికి వచ్చును. భౌతికశాస్త్రమందలి వృత్తచలనమను విషయమును నేను తరగతిగదిలో, నల్లబల్ల మీది బాణపు గుర్తులను చూచి నేర్చుకొంటినని బహుకాలము భ్రమించితిని. కాని ఆ పాఠములోని సారమంతయు అంతకు పూర్వమే, పదేండ్ల ప్రాయమున, మా తాత చేతి వడిసెల నాకు చెప్పియుండెనని పిమ్మట తెలిసికొంటిని.

జొన్నకంకి పాలుపోసుకొని గింజ ముదురుచుండు దినములలో పాలమూరు పల్లెలయందు చేను కావలి యన్నది ఇంటిల్లిపాదికిని పని. చేను నడుమ నాలుగు గుంజలు పాతి, పైన కట్టెలు పరచి కట్టిన మంచె మీద ఒకరు నిలిచి, తెల్లవారుజామునను ప్రొద్దు వాలువేళను గుంపులుగా వ్రాలు పిచ్చుకలను, చిలుకలను తోలవలెను. కేకకు బెదరని పిట్టలకు వడిసెల. దాని నిర్మాణము మిక్కిలి సులభమైనది: జనుపనారతో పేనిన రెండు త్రాళ్ళు, వాని నడుమ రాయి నిలుచుటకు అరచేతి వెడల్పున అల్లిన జాలి, ఒక త్రాటి కొసన వ్రేలికి తొడుగుకొను ఉచ్చు, రెండవ త్రాటి కొసన ఒట్టి ముడి. ఉచ్చును వ్రేలికి తగిలించి, ముడిని బొటనవ్రేలి క్రింద అదిమిపట్టి, తలమీదుగా గిరగిర త్రిప్పి, తగిన క్షణమున ముడిని విడుతురు. జాలి విప్పుకొనును, రాయి పోవును, త్రాడు చేతనే మిగులును. ఇంత చిన్న సాధనము తెలంగాణ సాయుధపోరాట దినములలో, అనగా 1946 నుండి 1951 వరకు, తుపాకుల కెదురు నిలిచిన పల్లె స్త్రీపురుషుల చేతి ఆయుధములలో ఒకటియైనదని మనలో పెద్దలకు తెలియును.

నా పదేండ్ల ప్రాయమున ఒకనాడు పిట్టలు మా చేనికి తూర్పు మూలను వ్రాలినవి. నేను తాత చేతినుండి వడిసెలను గుంజుకొని, చేతనైనంత వడిగా త్రిప్పి, రాయి సరిగా తూర్పు ముఖముగా, పిట్టల కెదురుగా వచ్చిన క్షణమును కనిపెట్టి విడిచితిని. పిట్టలు కదలలేదు. రాయి దక్షిణపు గట్టు మీది వేపచెట్టు నీడకు పోయి, అమ్మమ్మ తెచ్చి పెట్టిన నీళ్ళకుండను పగులగొట్టినది. కుండ పోయినందుకు నాకు దెబ్బలు తప్పవనుకొంటిని గాని తాత కోపింపక, వడిసెలను తిరిగి చేతికిచ్చి, “రాయి పిట్టల దిక్కు ఉన్నప్పుడు ఇడిస్తే అది పిట్టల దిక్కు పోదు బిడ్డా. పక్కకున్నప్పుడే ఇడువాలె. ఇడిసిన కాడికెళ్ళి అది తిన్నగ పోతది. రాయికి తిరుగుడు రాదు, తిప్పేది నీ చెయ్యి” అనెను. అటుపిమ్మట రాయి ఉత్తరపు దిక్కున నుండి తూర్పునకు ఒరుగుచుండగా విడుచుట నేర్చుకొంటిని; పిట్టలు లేచినవి.

రాయికి తిరుగుట రాదు, త్రిప్పునది చేయి అన్న మాటలో వృత్తచలన శాస్త్రమంతయు నున్నది. చదువుకొన్నవారిని సైతము, త్రిప్పుచున్న రాతిని విడిచినయెడల ఎటు పోవునని అడిగినచో, చేతినుండి వెలుపలికి, అనగా కేంద్రమునుండి దూరముగా పోవునని పెక్కుమంది చెప్పుదురు. అది నిజము కాదు. విడిచిన క్షణమున రాయి ఎటు ముఖముగా పరుగెత్తుచున్నదో అటే, వృత్తమును ఒక్క బిందువు వద్ద తాకిపోవు సరళరేఖ వెంట, దానికే స్పర్శరేఖ యని పేరు, ఆ రేఖ వెంట పోవును. వాన వెలిసిన దినమున ఎద్దులబండి చక్రమునుండి ఎగురు బురదను, సాన పట్టునప్పుడు కత్తి అంచు నుండి చిమ్ము నిప్పురవ్వలను కొంచెము నిలిచి చూచినయెడల ఈ సంగతి కంటికే తెలియును. అవి చక్రపు ఇరుసునకు ఎదురుదిక్కున గాక, చక్రమును ఒరసికొని అంచు వెంట ఎగిరిపోవుచుండును.

ఈ వడిసెల పాశ్చాత్య విజ్ఞానచరిత్రలో కూడ పెద్దపీట మీద కూర్చున్నదని మన గ్రామీణులకు చెప్పవలసియున్నది. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1644లో ప్రకటించిన తత్త్వశాస్త్ర గ్రంథములో, కదలుచున్న వస్తువు తనంత తాను సరళరేఖలోనే పోజూచునని నిరూపించుటకు వడిసెలలోని రాతినే చూపెను. డచ్చి పండితుడు హైగెన్స్ త్రాటిని లాగు ఆ బిగువును లెక్కగట్టి, తాను కనుగొన్న సూత్రములను 1673లో గడియారముల గూర్చి వ్రాసిన గ్రంథము చివర చేర్చెను. వెలుపలికి తన్నుకొను బలమను అర్థము వచ్చునట్లు దానికి ఆయన పెట్టిన పేరే మనము అపకేంద్ర బలమని చెప్పుకొనునది. న్యూటను 1687లో వెలువరించిన ప్రిన్సిపియా మొదటి పుటలలోనే, కేంద్రము దిక్కునకు ఈడ్చు బలమునకు ఒక క్రొత్త పేరు కల్పించి, దానికి ఉదాహరణముగా మరల ఆ వడిసెలనే చూపెను. ఆ పేరే సెంట్రిపెటల్; మన పాఠ్యపుస్తకముల అభికేంద్ర బలము. ఒకే త్రాటిని చూచి హైగెన్స్ వెలుపలి దిక్కున పేరు పెట్టగా న్యూటను లోపలి దిక్కున పెట్టుట చిన్న మార్పుగా కనబడును గాని, చంద్రుడు ఆకాశమున ఎట్లు నిలిచియున్నాడో తెలిసికొనుటకు దారి తీసినది ఆ మార్పే.

వడి వేరు, వేగము వేరు అని మన శాస్త్రపరిభాషలో చేసిన విభాగము ఇచ్చట మిక్కిలి ఉపయోగకరము. ఎంత త్వరగా పోవుచున్నదన్నది వడి. ఎంత త్వరగా, ఏ దిక్కునకు పోవుచున్నదన్నది వేగము. వడిసెలలోని రాయి ఒకే వడితో తిరుగుచున్నను దాని దిక్కు క్షణక్షణమును మారుచున్నది. దిక్కు మారినచో వేగము మారినట్లే. వేగము మారుచున్నదన్నచో త్వరణమున్నట్లే. త్వరణమున్నచో దానిని కలిగించు బలము ఒకటి ఉండి తీరవలెను. ఆ బలము ఏ దిక్కున పనిచేయుచున్నదని త్రాటి నడిగినయెడల త్రాడే చెప్పును, ఏలయనగా త్రాడు లాగగలదే గాని నెట్టలేదు. అది రాతిని చేతి దిక్కునకు, లోపలికి, లాగుచున్నది. మరి త్రిప్పువాని చేతికి తగులు ఆ వెలుపలి గుంజుడు ఏమిటందురా? అది త్రాటి రెండవ కొస చేసెడు పని: రాతిని లోపలికి ఈడ్చుచున్న త్రాడే చేతిని వెలుపలికి ఈడ్చును. గుంజుడు చేతిమీదిదే గాని రాతిమీదిది కాదు. ఈ రెంటిని కలిపివేయుట వలననే, రాతిని ఏదో శక్తి బయటకు నెట్టుచున్నదను అపోహ పుట్టినది.

లెక్క చూతము. 100 గ్రాముల రాయి, చేతినుండి ఒక మీటరు త్రాడు, సెకనుకు 2 చుట్లు. అప్పుడు రాతి వడి సెకనుకు 12 మీటర్లకు పైగా, గంటకు సుమారు 45 కిలోమీటర్లు; త్రాడు దానిని లోపలికి లాగవలసిన బలము దాదాపు 16 న్యూటన్లు, అనగా ఒక కిలో ఆరు వందల గ్రాముల బరువును చేత పట్టుకొన్నట్లు. తన బరువునకు పదునారు రెట్లు లాగుచున్నదా చిన్న రాయి! తాత పేనిన నార బొటనవ్రేలి మందముండుటకు కారణమిదే. చుట్లు సెకనుకు 3 చేసినయెడల బలము 3 కిలోల 600 గ్రాముల బరువునకు ఎగబ్రాకును. చుట్లు సగము పెరిగినవి. బలము రెండింతలు దాటినది. రాతి ద్రవ్యరాశిని వడి యొక్క వర్గముతో గుణించి త్రాటి పొడవుతో భాగించవలెనని పాఠ్యపుస్తకము చెప్పును. విద్యార్థులు దానిని కంఠస్థము చేయుదురు. కాని వడిని రెట్టింపు చేసిన బలము రెండింతలు గాక నాలుగింతలు ఏల కావలెనో చెప్పు ఉపాధ్యాయులు అరుదు. చెప్పుట కష్టము కాదు. వడి రెట్టింపైనప్పుడు త్రాడు మరల్చవలసిన వేగము రెండింతలు పెద్దది. అదియునుగాక రాయి చుట్టును సగము కాలములోనే ముగించుచున్నది గావున ఆ మరల్పును రెండింతలు త్వరగా చేయవలెను. రెండు రెండ్ల నాలుగు. ఈ నాలుగును మరువకుండుడు. దీనితో ముందు మనకు పని యున్నది.

ఈ విషయము తెలిసినప్పటినుండి నేను తిరుగుచున్న దేనిని చూచినను మొదట వేసికొను ప్రశ్న ఒక్కటే: ఇందులో త్రాడు ఏది? త్రాడు లేక వస్తువు తిరుగదు. అది నారతో పేనినదే కానక్కరలేదు, కంటికి కనబడనక్కరలేదు, ఉండుట మాత్రము తప్పదు.

బస్సు మాట చూడుడు. వనపర్తి నుండి వచ్చు బస్సు మలుపులో కుడికి మరలగా, నిలుచున్నవారందరును ఎడమకు ఒరిగి ఒకరి మీద నొకరు పడుదురు. బస్సు మమ్ము ప్రక్కకు త్రోసినదందురు. ఎవరును త్రోయలేదు. వారు తిన్నగా పోవుచుండిరి, పోవుటకే చూచుచుండిరి. వారి క్రిందినుండి బస్సు కుడికి తొలగినది. కడ్డీని పట్టుకొన్నవానికి కడ్డీయే త్రాడు, సీటులో కూర్చున్నవానికి సీటు ఒరపిడియు ప్రక్కవాని భుజమును త్రాడు. బస్సు లోపలినుండి చూచువానికి అన్నియు బయటికి ఒరుగుచున్నట్లే కనబడును గావున, ఆ దృష్టితో లెక్కవేయవలసినప్పుడు శాస్త్రజ్ఞులు అపకేంద్ర బలమును కల్పించుకొని లెక్కలో చేర్చుకొందురు. అది సౌకర్యార్థము చేసిన కల్పన. రోడ్డు ప్రక్క నిలిచి చూచువానికి దానితో పని లేదు.

మరి బస్సునకే త్రాడు ఏది? టైర్లు రోడ్డును పట్టుకొను ఘర్షణ. అరచేతులంత వెడల్పున టైర్లు నేలను తాకు నాలుగారు చోట్ల తప్ప, ఆ పదునైదు టన్నుల ఇనుమును మలుపు లోపలికి లాగునది ఈ లోకమున మరియొకటి లేదు. 100 మీటర్ల వ్యాసార్థము గల మలుపులో గంటకు 60 కిలోమీటర్ల వడితో పోవు వాహనమునకు దాని బరువులో నాలుగవ వంతుకు కొంచెము మించిన బలము లోపలికి కావలెను. పొడి రోడ్డు మీద మంచి టైరు అంతకు రెట్టింపునకు పైగా ఇయ్యగలదు. అదే మలుపులో 80 వడితో పోయినచో కావలసినది బరువులో సరిగా సగము. వడి పెరిగినది మూడవ వంతు మాత్రమే. కావలసిన బలము ముప్పాతిక వంతుకు మించి పెరిగినది. ఇక తొలకరి జల్లు పడి, రోడ్డు మీది దుమ్ముయు నూనెయు కలిసి జారుచుండగా, అరిగిన టైరు ఇయ్యగలుగు పట్టు బరువులో నాలుగు పదవ వంతులకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు దిగజారును. అప్పుడు త్రాడు తెగినట్లే. వాహనము ఎటు పోవునో తాత చెప్పియే యున్నాడు: విడిచినచోటి నుండి తిన్నగా. మలుపు కుడికి తిరుగును. బండి ఎడమ గట్టు మీదికి, చెట్టు మీదికి పోవును. బరువైన లారీ గట్టిగా నేలను కరచికొనియుండును గదా యని ధైర్యపడువారు ఒక్కటి గమనింపవలెను: బరువు పెరిగినకొలది పట్టు పెరిగిన మాట నిజమే గాని, కావలసిన బలము కూడ అదే నిష్పత్తిలో పెరుగును, ఈ లెక్కలో బరువు రెండు ప్రక్కలను కొట్టివేయబడి, మిగులునవి వడియు మలుపును మాత్రమే.

పంట కోతల కాలములో మా ప్రాంతపు రోడ్ల మీద ఇంతకన్న ప్రమాదకరమైన దృశ్యము మరియొకటి కానవచ్చును. ట్రాక్టరు ట్రాలీలో వరిగడ్డినో పత్తినో మనిషికి రెండింతల ఎత్తున కెక్కించి, దానిపై కూలీలను కూర్చుండబెట్టి మలుపులు తిరుగుదురు. ఇచ్చట టైరు జారకపోవుటయే ఆపద. లోపలికి లాగు ఘర్షణ నేల మట్టమున టైరు వద్ద పనిచేయుచున్నది. బరువు యొక్క నడిమి బిందువు మాత్రము ఆరేడు అడుగుల ఎత్తున నున్నది. కాళ్ళను లోపలికి ఈడ్చి తలను వదలివేసినట్లగుటచే ట్రాలీ వెలుపలికి తలక్రిందగును. ట్రాక్టరు నడుపు మా తమ్ముళ్ళకు, కొడుకులకు నేను చేయు విన్నపము ఒక్కటే: మలుపులోనికి వచ్చిన తరువాత బ్రేకు వేయకుడు, మలుపు రాకమునుపే వడి తగ్గించుడు. మలుపు నడుమ బ్రేకు వేసినచో, ఉన్న కొంచెము పట్టును నిలుపుటకును మరల్చుటకును పంచవలసివచ్చును, రెండవదానికి చాలకపోవును. వడిని సగము చేసినచో కావలసిన బలము నాలుగవ వంతునకు దిగును. ముందు చెప్పిన నాలుగు ఇచ్చట ప్రాణము నిలుపును.

రోడ్లు వేయువారికిని, రైలుపట్టాలు వేయువారికిని ఈ లెక్క తెలియును. గద్వాల జంక్షను నుండి బయలుదేరిన రైలులో పోవుచు, పట్టాలు వంపు తిరుగుచోట కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి పెట్టె మెల్లగా లోపలికి ఒరిగినట్లు తెలియును. వంపులో బయటి పట్టాను లోపలి పట్టా కంటె ఎత్తుగా వేయుదురు. అప్పుడు పెట్టెను మోయుచున్న పట్టాల ఒత్తిడియే కొంత లోపలికి ఒరిగి, త్రాటి పనిని తాను చేయును. సైకిలు తొక్కు పిల్లవాడు మలుపులో తనంత తాను లోపలికి ఒరుగుటయు ఇందుకే. వానికి ఎవరును నేర్పలేదు.

ఇక అందరి యింటను దొరకు మరియొక త్రాడు కలదు. గాజుగ్లాసులో వడగట్టని చాయ్ పోసికొని చెంచాతో గిరగిర త్రిప్పి వదలినయెడల, అడుగున నున్న చాయ్‌పత్తి అంచులకు పోవలసినదిగదా యని తోచును; పోదు; నడుమకు వచ్చి చిన్న కుప్పగా చేరును. మొదట చూచినప్పుడు నాకు గొప్ప ఆశ్చర్యము కలిగినది. దీని కారణమును ఐన్‌స్టీను 1926లో, నదులు వంపులు తిరుగుటను గూర్చి వ్రాసిన వ్యాసములో విశదీకరించెను. తిరుగుచున్న చాయ్‌కి లోపలికి నెట్టు బలము కావలెను. అందుచేతనే ద్రవము గ్లాసు అంచున కొంచెము పైకి ప్రాకి, నడుమ గుంటపడి, అంచునుండి నడుమకు ఒత్తిడిని కలిగించుకొనును. ఆ ఒత్తిడి పైనుండి అడుగు వరకు సమానమే. కాని అడుగును ఒరసికొనియున్న పలుచని పొర గాజు రాపిడిచే మందగించియుండును గావున దానికి అంత బలము అక్కరలేదు. మిగిలిన ఒత్తిడి ఆ పొరను నడుమకు త్రోసికొనిపోవును, పొరతోపాటు చాయ్‌పత్తి వచ్చును. నది వంపులోను ఇదియే జరుగును: వంపు వెలుపలి ఒడ్డున నీరు రవంత ఎత్తుగా నిలిచి, ఒడ్డును కోసివేయును, అడుగు నీరు ఇసుకను ఈడ్చుకొనివచ్చి లోపలి ఒడ్డున మేట వేయును. గద్వాల, వనపర్తి సీమల నడుమ కృష్ణ ఒడ్డున తిరిగినవారు, నది మరలినచోట ఒక దరి నిట్రముగా కోసుకొనిపోయి, ఎదుటి దరి ఇసుకతిన్నెలతో ఏటవాలుగా నుండుటను గమనించియే యుందురు. గ్లాసులోని చాయ్‌కును కృష్ణకును న్యాయమొక్కటే యగుట నాకు మిక్కిలి ప్రియమైన విషయము. అందుచేత కొంచెము దీర్ఘముగా వ్రాసితిని.

దీపావళి గడచిన పిమ్మట కురుమూర్తి జాతరకు పోయి, స్వామి పాదుకలకు జరుగు ఉద్దాల సేవ చూచి, తిరునాళ్ళలో పిల్లలను పెద్ద రంగులరాట్నము ఎక్కించినవారికి, పైకి పోయినప్పుడు కడుపులో తేలికయు క్రిందికి దిగినప్పుడు బరువును తోచుట అనుభవమే. పైనున్నప్పుడు కేంద్రము క్రింద నున్నది. లోపలికి లాగు పనిలో కొంత భూమి ఆకర్షణయే చేసిపెట్టును గనుక సీటు మనలను తక్కువగా మోయును. అడుగున కేంద్రము పైన నున్నది. సీటు మన బరువును మోయుటయేగాక మరల్పును కూడ తానే చేయవలెను. జాతరలలో వేయు మౌత్ కా కువా, మృత్యుబావిలో, చెక్కగోడ మీద అడ్డముగా మోటారుసైకిలు నడుపు సాహసికుని పడనీయక పట్టునది మంత్రము కాదు, గోడ. ఎనిమిది మీటర్ల వ్యాసము గల బావిలో గంటకు 40 కిలోమీటర్ల వడితో తిరుగువానిని గోడ అతని బరువునకు మూడింతల బలముతో లోపలికి నెట్టును. అంత గట్టిగా ఒరసికొనుట వలన పుట్టిన ఘర్షణ అతని బరువును మోయును. వడి తగ్గినచో గోడ నెట్టుట తగ్గును, ఘర్షణ తగ్గును, అతడు జారును. బ్రతుకుతెరువుకై దినమునకు పదిసారులు ఈ లెక్కకు ప్రాణమొడ్డు ఆ కళాకారుని నైపుణ్యమునకు చేతులెత్తి మ్రొక్కవలెను.

పాలనుండి మీగడను వేరుచేయు యంత్రమును, ఆసుపత్రి ప్రయోగశాలలో రక్తమునుండి కణములను అడుగునకు చేర్చు యంత్రమును ఈ కుటుంబములోనివే. వానిలో తేలికైన ద్రవము ఇయ్యగల లోపలి నెట్టుడు బరువైన కణములకు చాలక, అవి వెలుపలి కొసకు చేరుకొనును. వివరములు పొడిగించను, అందరి తలలపై తిరుగుచున్న పెద్ద రాతి సంగతి మిగిలియున్నది.

చంద్రుడు భూమి చుట్టును 27 దినముల పైచిలుకులో ఒకసారి తిరుగుచున్నాడు. దూరము సగటున 3,84,400 కిలోమీటర్లు, అనగా భూమి వ్యాసార్థమునకు సుమారు 60 రెట్లు. ఇందులో త్రాడు ఏది? చెట్టునుండి కాయను క్రిందికి తెచ్చు ఆకర్షణయే యని న్యూటను అనెను. అని ఊరకొనక పరీక్షించెను. ఆకర్షణ దూరపు వర్గము ననుసరించి తగ్గునదైనచో, అరువది రెట్లు దూరమున అది 3,600వ వంతుకు తగ్గవలెను. చంద్రుడు సెకనుకు ఒక కిలోమీటరు వడితో పోవుచున్నాడు. త్రాడు లేనియెడల ఒక నిమిషములో సుమారు 60 కిలోమీటర్లు తిన్నగా పోయెడివాడు. కాని ఆ నిమిషములో అతడు సరళరేఖనుండి భూమి దిక్కునకు 4.9 మీటర్లు ఒరుగుచున్నాడు. పాన్‌గల్ కోట గోడ మీదినుండి విడిచిన రాయి మొదటి సెకనులో పడు దూరము సరిగా అంతే! సెకనుకు నిమిషము అరువది రెట్లు; పడు దూరము కాలపు వర్గము ననుసరించి పెరుగును గనుక, ఆకర్షణ 3,600వ వంతైనను నిమిషములో అదే దూరము వచ్చును. చంద్రుడు అనాదిగా భూమి మీదికి పడుచునే యున్నాడు. ప్రక్కకు పోవుచున్న వడి చేత పడుట ఎన్నటికిని పూర్తి కాదు. త్రాడు లాగు దిక్కు ఎల్లప్పుడును అతని నడకకు అడ్డముగా నుండుటచే దిక్కును మరల్చునే గాని శక్తిని హరింపదు. కావున అతడు అలసట లేక తిరుగుచున్నాడు.

మన కృత్రిమ ఉపగ్రహములకును ఇదియే త్రాడు. శ్రీహరికోట నుండి లేచిన రాకెట్టు చేయు పని ఎత్తునకు మోసికొనిపోవుట మాత్రమేయని చాలమంది తలంతురు; ఎత్తు కంటె కష్టమైనది ప్రక్కవడి. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహమునకు సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వడి ఇచ్చినగాని అది పడకుండ నిలువదు. అట్టి ఉపగ్రహములు భూమిని సుమారు గంటన్నరకు ఒకసారి చుట్టివచ్చుచు పంపు చిత్రములను, మహబూబ్‌నగర్‌నుండి హైదరాబాదునకు పోవు దారిలోని షాద్‌నగర్ వద్ద జాతీయ దూరసంవేదన కేంద్రము వారి పెద్ద డిష్ ఏంటెన్నాలు అందుకొనుచున్నవి. మన చెరువులలోని నీటి విస్తీర్ణమును, పైరుల పచ్చదనమును అవి చూచుచున్నవి. టెలివిజను ప్రసారములకై 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిపినవి సెకనుకు మూడు కిలోమీటర్ల వడితోనే తిరుగుచు, చుట్టుకు ఒక దినము తీసికొనుటచే, ఆకాశమున కదలనట్లు కనబడును. త్రాడు పొడుగైనకొలది నెమ్మదిగా తిరిగినను చాలును. 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 చంద్రుని సమీపించినప్పుడు, ఆగస్టు 5న, దాని యంత్రమును మండించి వడి తగ్గించిరి. తగ్గింపనియెడల చంద్రుని బలహీనమైన త్రాడు దానిని మరల్చజాలక పోనిచ్చియుండెడిది. ట్రాక్టరు మలుపునకు చెప్పిన నియమమే అచ్చటను పాటింపబడినది: మలుపునకు తగిన వడి.

మనమును త్రాటి చివరనే యున్నాము. భూమి తన చుట్టు తాను తిరుగుటలో పాన్‌గల్ గ్రామము, కోటతోను జొన్నచేలతోను సహా, గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వడితో తూర్పునకు పోవుచున్నది. మనలను ఆ వృత్తములో మరల్చుటకు భూమి ఆకర్షణలో స్వల్పభాగము ఖర్చగుచున్నది గావున, ఇచ్చట క్వింటాలు ధాన్యమును స్ప్రింగు కాంటాకు తగిలించినయెడల, భూమి తిరుగక నిలిచియుండినచో చూపెడు బరువు కంటె సుమారు 300 గ్రాములు తక్కువ చూపును. తరాజులో తూచినచో తేడా తెలియదు. రాళ్ళకును అంతే తగ్గును.

ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును ఒక మనవి. వడిసెలలు మంచెలతోపాటు చేలనుండి కనుమరుగగుచున్నవి. పిల్లలు వృత్తచలనమును బొమ్మలలోనే చదువుచున్నారు. ఒక దినము బడి ఆవరణలోనికి ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి, రాతికి బదులు గుడ్డ ఉండను మెత్తని త్రాటికి కట్టి, నేలమీద సుద్దతో పెద్ద వృత్తము గీచి, వృత్తము మీదుగా త్రిప్పుడు. వృత్తపు తూర్పు అంచు వద్ద విడిచినచో ఎటు పోవునని ముందు ప్రతి పిల్లవానిని వ్రేలితో చూపుమనుడు. చూపిన దిక్కుల నన్నిటిని సుద్దతో గుర్తు పెట్టుడు. అటుపిమ్మట విడువుడు.